తొమ్మిదో నంబరు ఫారంలో బుల్లబ్బాయి

చింతలంక పురపాలక సంఘానికి ఆ ఏడు ఒక బహుమతి మీద మనసు పడింది. జంతువులతో అన్యోన్యంగా మెలిగే ఊరిని ఏరి, సభ పెట్టి, శాలువా కప్పి, ఇత్తడి ఏనుగు బొమ్మ ఒకటి చేతిలో పెడతారట. కమిషనర్ జ్ఞానప్రకాశరావుగారు ఆ ఏనుగును కంటితో చూడకముందే దానికోసం తన గదిలో అద్దాల బీరువా చేయించారు.

చిక్కల్లా దరఖాస్తు దగ్గర వచ్చింది. అందులో రెండే గళ్ళు. కుక్క ఉన్న ఇళ్ళు ఎన్ని, పిల్లి ఉన్న ఇళ్ళు ఎన్ని. తీరా ఊరు తిరిగి చూస్తే మూడొందల పైచిలుకు ఇళ్ళలో రెండూ ఉన్నాయి. ఇంకెన్నో ఇళ్ళలో ఏదీ లేదు. మరొకరైతే కాగితం మీద స్కేలు పెట్టి ఇంకో రెండు గళ్ళు గీసి ఊరుకునేవారు. జ్ఞానప్రకాశరావుగారు అంత తేలిగ్గా లొంగే మనిషి కారు. కాగితాన్ని ఊరికి తగ్గట్టు దిద్దితే అది అక్రమమనీ, ఊరిని కాగితానికి తగ్గట్టు దిద్దితే అది పరిపాలన అనీ ఆయన సిద్ధాంతం.

వారం తిరిగేసరికి ఊళ్ళో గోడలన్నీ ఎర్రబడ్డాయి. "ఒక ఇల్లు – ఒక జంతువు – ఒక నిర్ణయం." రెండూ ఉన్నవాళ్ళు నెలాఖరులోగా కుక్కో పిల్లో తేల్చుకుని, రెండోదాన్ని సంరక్షణ కేంద్రంలో అప్పగించాలి. ఏదీ లేనివాళ్ళు ఆ కేంద్రానికే వెళ్ళి ఒకటి తెచ్చుకోవాలి. సంరక్షణ కేంద్రమంటే మరేం లేదు, మున్సిపల్ కల్యాణ మండపం. వరుడి విడిదిలో కుక్కలు, వధువు విడిదిలో పిల్లులు.

ఈ మహత్కార్యానికి 'జంతు ప్రాధాన్య నిర్ధారణాధికారి' అన్న హోదా పుట్టించి సదాశివమూర్తిని కూర్చోబెట్టారు. ఆయన ఇరవయ్యేళ్ళు కుళాయిల సెక్షన్లో పనిచేసిన మనిషి. దాహం వేస్తే, "తాగునీరు సరఫరా చేయవలసిందిగా కోరుతున్నాను" అని భార్యతో కూడా అనేవాడు.

ఇవన్నీ మొదట్లో మట్టపర్తి బుల్లబ్బాయికి భలే సరదాగా ఉండేవి. బజారువీధిలో అతనిది ఫోటో స్టూడియో. నిర్ణయం రాసివ్వాల్సిన తొమ్మిదో నంబరు ఫారానికి జంతువు ఫోటో అతికించాలి; మొహం తిన్నగా ఉండాలి, చెవులు రెండూ కనబడాలి, వెనక తెల్లటి తెర ఉండాలి. పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కుక్కలూ పిల్లులూ ఎడమొహం పెడమొహంగా బారులు తీరి ఉండేవి. వడ్రంగి వీరాచారి పిల్లి ఫ్లాష్ వెలిగినప్పుడల్లా తెర వెనక్కి దూకేది. ఏడోసారి దూకాక వీరాచారి చేతులు జోడించి, "పోనీ నా ఫోటో తీసి పిల్లిదని రాసెయ్యకూడదా బాబూ" అన్నాడు. బుల్లబ్బాయి పడీ పడీ నవ్వాడు. పక్కింటికి నిప్పంటుకుంటే వెలుతురు బాగుందనుకున్నట్టే ఉంది అతని వరస.

ఎందుకంటే వాళ్ళింట్లోనూ రెండూ ఉన్నాయి. తల్లి సూరమ్మకి అమ్మడు అనే పిల్లి. భార్య వీరవేణికి జాకీ అనే కుక్క.

ఉంటే ఉన్నాయి, ఒకదాన్ని పంపెయ్యొచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. వాళ్ళకి ఆ ఇంటి సంగతి తెలియదన్నమాట. అత్తాకోడళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. గొడవ దేనిమీద వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. మాట్లాడకూడదన్న సంగతి మాత్రం ఇద్దరికీ బాగా గుర్తుంది. అలాగని ఇల్లు ఆగుతుందా? పొద్దున్నే సూరమ్మ పిల్లిని ఒళ్ళో వేసుకుని, "ఏవే అమ్మడూ, సూర్యుడు నడినెత్తికొచ్చినా ఈ కొంపలో కాఫీ చుక్క పుట్టదేంటే?" అనేది. వంటింటి గుమ్మంలో వీరవేణి కుక్క వీపు నిమురుతూ, "ఒరే జాకీ, పాలవాడు ఇంకా రాలేదురా. వస్తే మనమేం దాచుకుంటామేంట్రా?" అనేది. పెళ్ళిళ్ళకు పిలుపులు, పండక్కి పిండివంటలు, సూరమ్మ మోకాళ్ళ నొప్పికి మందు, అన్నీ ఈ దారినే నడిచేవి. పిల్లీ కుక్కా ఎదురెదురుగా కూర్చుని కళ్ళు మూసుకుని వినేవి. ఎంత మాట పడ్డా తిరిగి అనేవి కావు.

బుల్లబ్బాయికి ఇంత హాయైన ఏర్పాటు ఇంకెక్కడా కనబడలేదు. మధ్యలో తనని లాగేవాళ్ళు లేరు.

నెలాఖరు ఇంకో పదిహేను రోజులుందనగా సదాశివమూర్తి వాళ్ళ గుమ్మంలోకి వచ్చాడు. జాకీ మొరిగింది. అమ్మడు మంచం కిందకు దూరింది. ఆయన రెండింటినీ నమోదు చేసుకున్నాడు.

"సదరు గృహమునందు శునకము ఒకటి, మార్జాలము ఒకటి. ఇది ద్వంద్వ గృహం. నిబంధన మూడు ప్రకారం మీరు తేల్చుకోవలసి ఉన్నది."

"తేల్చుకోలేమండి బాబూ," అన్నాడు బుల్లబ్బాయి. "పిల్లి మా అమ్మదండి. కుక్క మా ఆవిడదండి."

"మరి మీది?"

"నాదేం లేదండి. నేను అన్నం వేళకి ఇంటికొస్తానండి, అంతే."

"ప్రాధాన్యం లేని పౌరుడుండడు," అన్నాడు సదాశివమూర్తి జాలిగా. "అది మీలో ఎక్కడో అణగి ఉంటుంది. దాన్ని వెలికితీయడానికే ఈ ఫారం."

ఫారంలో నలభై ప్రశ్నలున్నాయి. ఇంటికి చుట్టం వస్తే మీకు ఎదురెళ్ళాలనిపిస్తుందా, పక్కగదిలోకి జారుకోవాలనిపిస్తుందా? పిలిస్తే వస్తారా, పిలవకపోతే వస్తారా? అన్నం పెట్టిన చేతిని గుర్తుంచుకుంటారా, అన్నం పెట్టిన చోటునా? బుల్లబ్బాయి ఫోటోలు కడిగే గదిలో కూర్చుని రెండ్రోజులు నిజాయితీగా రాశాడు. మార్కులు వేస్తే కుక్కకి ఇరవై, పిల్లికి ఇరవై వచ్చాయి.

సదాశివమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇలా రావడానికి వీల్లేదు. ఇది ఫారాన్ని అవమానించడం."

ఇంట్లో ఇంకో వైపు ప్రచారం మొదలైంది. "అమ్మడూ, నువ్వు ఎవరి జోలికైనా పోయావటే? ఎలకల్ని పడతావు, నీ ఒళ్ళు నువ్వే శుభ్రం చేసుకుంటావు. కొన్నిటిలాగా వీధిలో పోయే ప్రతివాడి మీదా నోరు పారేసుకున్నావా?" అనేది సూరమ్మ, కొడుకు వినేలా. "జాకీ, నువ్వు విశ్వాసం గల జీవివిరా. తిన్న ఇంటిని కాపలా కాస్తావు. పాలగిన్నె మీద మూత తీసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు మూల కూర్చునే రకం కాదు కదరా నువ్వు," అనేది వీరవేణి, మొగుడు వినేలా. బుల్లబ్బాయికి ముద్ద దిగేది కాదు. కుక్క అంటే అమ్మ చచ్చిపోతానంటుంది. పిల్లి అంటే వీరవేణి పుట్టింటికి పోతానంటుంది. రెండూ కుక్కకో పిల్లికో చెప్పే మాటలే గానీ, అన్నంత పనీ చేసే మనుషులే ఇద్దరూ.

నెలాఖరు వచ్చింది. బుల్లబ్బాయి ఏదీ తేల్చలేదు. ఒకటో తారీఖు పొద్దున్న మున్సిపల్ బండి వచ్చి, "అనిర్ణీత గృహం" అని తలుపు మీద సుద్దతో రాసి, రెండింటినీ ఎక్కించుకుపోయింది. సూరమ్మ వీధి చివరిదాకా మోకాళ్ళ నొప్పితోనే పరిగెత్తింది. వీరవేణి గుమ్మంలో కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో చెంబు కదిలిన చప్పుడు కూడా లేదు. సూరమ్మ అలవాటుగా ఒళ్ళో చెయ్యి వేసుకుని, "ఏవే అమ్మ..." అని ఆగిపోయింది. వీరవేణి చెయ్యి కిందకి చాచి, ఖాళీ గచ్చు తగిలి వెనక్కి తీసుకుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పే దారి లేదు. మందులైపోయాయని చెప్పే దారి లేదు. చెబితే ఎవరికి చెప్పాలి? ఇద్దరి కళ్ళూ ఒక్కసారే బుల్లబ్బాయి మీద పడ్డాయి.

"ఒరే అబ్బాయ్," అంది సూరమ్మ. "ఈ ఇంట్లో కొందరికి ఉప్పు ఊరికే వస్తుందేంట్రా?"

"ఏవండీ," అంది వీరవేణి. "పొద్దుట్నించి ఏడ్చి ఏడ్చి నాలిక చచ్చుంటే అన్నీ ఉప్పగానే ఉంటాయండి."

అది మొదలు. స్టూడియో నుంచి వస్తే చెప్పులు విప్పకముందే అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి. పదకొండేళ్ళు కుక్కా పిల్లీ పంచుకుని మోసిన బరువు ఒక్క మనిషి నెత్తిన పడింది. పిల్లి అయితే మధ్యలో లేచి గోడెక్కి పోయేది. కుక్క అయితే తోక ఊపి బయటపడేది. బుల్లబ్బాయికి ఆ రెండు సదుపాయాలూ లేవు. నాలుగు రోజుల్లో అతని బుగ్గలు లోపలికి పోయాయి.

ఐదో రోజు నోటీసు వచ్చింది. ఇంట్లో ఏ జంతువూ లేదు కనుక నిబంధన నాలుగును ఉల్లంఘించారట. నోటీసు పట్టుకుని బుల్లబ్బాయి పరుగున ఆఫీసుకు వెళ్ళాడు.

"మీరే కదండీ పట్టుకుపోయారు! కుక్కనో పిల్లినో, ఏదో ఒకటి ఇచ్చేయండి బాబూ."

"అనిర్ణీత గృహానికి జంతువును తిరిగి ఇవ్వరాదు," అన్నాడు సదాశివమూర్తి. "ముందు నిర్ణయించుకోండి."

"సరేనండి. నిర్ణయించుకుంటానండి."

"జంతువు ఇంట్లో లేనప్పుడు చేసిన నిర్ణయం చెల్లదు. ఆరో నిబంధన."

"మరి ఏం చెయ్యమంటారండి?"

"ఏదో ఒక జంతువు ఇంట్లో ఉండాలి. ఈ సాయంత్రంలోగా. లేనిచో గృహాన్ని నిర్జంతుకంగా ప్రకటించి తాళం వేయవలసి వస్తుంది."

బుల్లబ్బాయికి కళ్ళు తిరిగాయి. నాలుగు రోజులుగా నిద్రలేదు. తను ఏమంటున్నాడో తనకే తెలియలేదు. "పిల్లి పడే మాటలు నేనే పడుతున్నానండి. కుక్క పడే మాటలూ నేనే పడుతున్నానండి. నన్నే రాసుకోండి బాబూ, మీకు పుణ్యముంటుంది."

వెటకారమో ఏడుపో తెలుసుకునే అవకాశం తొమ్మిదో నంబరు ఫారంలో లేదు. సదాశివమూర్తి నిబంధనల పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరగేశాడు. జంతువు నాలుగు కాళ్ళదై ఉండాలని ఎక్కడా లేదు. ఫోటో ఉండాలని ఉంది. ఇంటివాళ్ళు పెట్టింది తినాలని ఉంది. యజమాని పిలిస్తే పలకాలని ఉంది.

"మీ అమ్మగారు పిలిస్తే వస్తారా?"

"వస్తానండి."

"మీ భార్య పిలిస్తే?"

"పరిగెత్తుకు వస్తానండి."

"కోప్పడితే తిరిగి మాట్లాడతారా?"

"ఇంతవరకూ లేదండి."

"శునకము," అని రాసి, సదాశివమూర్తి ముద్ర వేశాడు. రెండు చెవులూ కనబడేలా బుల్లబ్బాయి తన ఫోటో తనే తీసుకుని ఇచ్చాడు. యజమానుల గడిలో 'సూరమ్మ, వీరవేణి, ఉభయులు' అని పడింది. రేకు బిళ్ళ ఒకటి తాడుకి కట్టి మెడలో వేశారు. నాలుగొందల పన్నెండు. తీస్తే శిక్షార్హం.

మెడలో బిళ్ళతో గుమ్మంలోకి వచ్చిన కొడుకుని చూసి సూరమ్మ ముందు నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయి మొహం ఎర్రబడింది. వీరవేణి బిళ్ళ పట్టుకుని చదివి, మొగుడి మొహంలోకి చూసింది. ఆ చిక్కిన బుగ్గలు, గుంటపడ్డ కళ్ళు ఆమెకు అప్పుడే కనబడ్డట్టుంది. ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. ఒకామె చెప్పులేసుకుంది. ఒకామె తలుపు దగ్గరకు వేసింది. బుల్లబ్బాయిని చెరో రెక్కా పట్టుకుని మున్సిపల్ ఆఫీసు మెట్ల దాకా నడిపించుకొచ్చారు.

మెట్ల దగ్గర పెద్ద బోర్డుంది: "విధినిర్వహణలో ఉన్న అధికారులను దూషించుట నేరము." సూరమ్మకు సంతకం తప్ప చదువు రాదు. వీరవేణి బోర్డంతా గట్టిగా చదివి, మొగుడితో అంది: "ఏవండీ, ఆఫీసర్లని తిడితే నేరమని రాశారండి. సొంత కుక్కని తిట్టుకుంటే నేరమని ఎక్కడా రాయలేదండి."

సూరమ్మ కళ్ళు మెరిశాయి. కొడుకుని మెట్ల మీద కూర్చోబెట్టి, సదాశివమూర్తి కిటికీ కేసి తిరిగి మొదలుపెట్టింది.

"ఏరా! ఇరవయ్యేళ్ళు కుళాయిల మీద కూర్చుని మా వీధికి బిందెడు నీళ్ళు ఎక్కించలేనోడివి, నా పిల్లి మంచీచెడ్డా నువ్వు తేలుస్తావురా?"

కిటికీ తెరుచుకుంది. "అమ్మా, ఇది నన్ను ఉద్దేశించి..."

"మా కుక్కని మేం తిట్టుకుంటున్నామండి," అంది సూరమ్మ వినయంగా. "మీకెందుకండి గుచ్చుకోడం?"

సదాశివమూర్తి పుస్తకం తిరగేశాడు. నమోదైన జంతువును యజమాని మందలించవచ్చునని పన్నెండో నిబంధన. రాసింది తనే. కిటికీ మూసుకుంది.

అప్పుడు వీరవేణి పై అంతస్తులో కమిషనర్ గది కేసి తలెత్తింది. "ఏవండీ! ఊళ్ళో దీపాల్లేవు, మురిక్కాలవల మీద మూతల్లేవు, మీరేమో రాని ఏనుక్కి అద్దాల బీరువా చేయించుకున్నారు! సిగ్గుందాండీ మీకసలు?" బుల్లబ్బాయి బుద్ధిగా తల ఊపాడు. ఏ మాట ఎవరికి తగలాలో అతనికి తెలుసు కాబట్టి, నెల రోజుల్లో మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

వార్త గంటలో ఊరంతా పాకింది. సాయంత్రానికి వీరాచారి తన పిల్లిని చంకనెట్టుకుని వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. మర్నాటికి వీధి నిండిపోయింది. వద్దన్నా కుక్కని అంటగట్టించుకున్నవాళ్ళు ఆ కుక్కతో, పిల్లిని పోగొట్టుకున్నవాళ్ళు మిగిలిన కుక్కతో, ఎవరి జంతువుకి వాళ్ళు మనసులో ఉన్నదంతా చెప్పుకోసాగారు. పన్ను, రోడ్డు, చెత్తబండి, పింఛను, ఆగిపోయిన ఇంటిపట్టా. ఏళ్ళ తరబడి అర్జీలుగా తిరిగి తిరిగి అరిగిపోయిన మాటలన్నీ కుక్కల చెవుల్లోనూ పిల్లుల చెవుల్లోనూ పడ్డాయి. పోలీసులొచ్చి కాసేపు విన్నారు. జంతువుతో మాట్లాడేవాళ్ళ మీద ఏ కేసు పెట్టాలో తెలియక, వాళ్ళలో ఒకాయన కూడా వీధికుక్కనొకదాన్ని దగ్గరకు పిలిచి బదిలీ సంగతి చెప్పుకున్నాడు.

సరిగ్గా మూడోరోజు బహుమతి కమిటీ దిగింది. జ్ఞానప్రకాశరావుగారు పూలదండ పట్టుకుని చెమటలు కక్కుతూ కారు దగ్గరకు వెళ్ళారు. కమిటీ అధ్యక్షులు పెద్దమనిషి, పశుసంవర్ధక శాఖలో చేసి రిటైరైనవారు. కారు అద్దం దించి చూస్తే వీధి పొడుగునా జనం. ప్రతివాళ్ళూ తమ జంతువు కళ్ళలోకి చూస్తూ, చేతులు తిప్పుతూ, కొందరు కన్నీళ్ళు పెట్టుకుంటూ మాట్లాడుతున్నారు. మెట్ల మీదైతే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య బిళ్ళ వేసుకున్న మనిషి.

"ఇతనెవరు?" అన్నారాయన.

"శునకమండి," అన్నాడు సదాశివమూర్తి. "రికార్డు ప్రకారం."

అధ్యక్షులవారు కళ్ళజోడు తీశారు. కళ్ళు తుడుచుకున్నారు. "మనిషికీ జంతువుకీ తేడా చెరిపేశారండీ మీరు! ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇంత మనసు విప్పి జంతువులతో మాట్లాడే ప్రజల్ని నేను చూడలేదు."

ఏనుగు వచ్చింది. అద్దాల బీరువాలో కూర్చుంది. నెల తిరక్కుండా జ్ఞానప్రకాశరావుగారికి పెద్ద ఊరికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. పథకం లక్ష్యం సంపూర్ణంగా నెరవేరినందున రద్దు చేయడమైనదని కాగితం వచ్చింది. పెళ్ళిళ్ళ ముహూర్తాలు దగ్గరపడటంతో కల్యాణ మండపం తలుపులు తీశారు. ఏ ఫారమూ అక్కర్లేకుండా, ఎవరూ దారి చూపకుండా, దేని ఇంటికి అది పోయింది. జాకీ ముందు, అమ్మడు పది బారల వెనక, ఒకదాన్నొకటి ఎరగనట్టు నడుచుకుంటూ వచ్చి అరుగెక్కాయి. సూరమ్మ ఏడ్చింది. వీరవేణి పాలగిన్నె తెచ్చి రెండింటికీ ఒకే పళ్ళెంలో పోసింది.

మిగిలింది బుల్లబ్బాయి ఒక్కడే. పథకం పోయినా రికార్డు పోదు. అతను ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఒక ఆదివారం సదాశివమూర్తి రద్దు కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"నమోదు తొలగింపునకు రెండే మార్గములు. సదరు జంతువు మరణించుట. లేదా యజమానులు ఉభయులూ వద్దని సంతకం చేయుట."

"రెండోదేనండి," అన్నాడు బుల్లబ్బాయి గబగబా. కలం మూత తీసి తల్లి కేసి చాపాడు.

సూరమ్మ కలం అందుకోలేదు. ఏదో అనబోతూ ఒళ్ళోకి చూసింది. అమ్మడు గోడ మీద ఎండలో ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. వీరవేణి గుమ్మం కేసి చూసింది. జాకీ వీధి చివర ఎవరి సైకిలు వెంటో పడింది. ఇక ఇంట్లో మధ్యవర్తులెవరూ లేరు. ఉన్న ఒక్కడి సంగతే తేలాలి.

సూరమ్మ గొంతు సవరించుకుంది. పదకొండేళ్ళ తర్వాత కోడలి మొహంలోకి తిన్నగా చూసింది.

"ఏవంటావే అమ్మాయ్?"

వీరవేణి ఉలిక్కిపడింది. పమిట సర్దుకుంది.

"బిళ్ళ పడ్డాక చెప్పిన మాట వింటున్నారత్తయ్యా."

"నాకూ అలాగే అనిపించిందే. నిన్న మందు చెప్పకుండానే తెచ్చాడు."

"అయితే తొందరేముందండి? ఉండనిద్దాం."

"ఉండనీ."

"ఉభయ యజమానుల ఏకగ్రీవ తీర్మానం మేరకు యథాతథం," అని సదాశివమూర్తి రాసుకున్నాడు. బుల్లబ్బాయి నోరు తెరిచాడు.

"నువ్వూరుకో!" అంది తల్లి.

"మీరూరుకోండి!" అంది భార్య.

ఊరుకున్నాడు.